ప్రాగ్ వద్దనే మనిషి

తార్నాక,
3 సెప్టెంబరు 1967

సారలమ్మా,

నువ్వు నన్ను మోసం చేశావు. మోసం పెద్ద మాట అంటావేమో, తెలిసే వాడుతున్నాను. నేను రెండు పేజీల నిండా అడిగిన ప్రశ్నకు నువ్వు ఒక్క వాక్యం పారేశావు: ‘నీకు ఏ ఊరు ఇష్టమైతే ఆ ఊరికే వెళ్లి రా అమ్మా, నీ సంతోషమే నాకు కావాలి.’ ఇది కూతురు తల్లికి రాసే జవాబేనా? ఆసుపత్రిలో నర్సులు ముసలి రోగులకు చెప్పే మాట ఇది. నా సంతోషం సంగతి నిన్ను ఎవరడిగారు? ప్రాగ్‌కు వెళ్లనా, వెనిస్‌కు వెళ్లనా అని అడిగాను.

దీవెనలు ఎక్కడికీ పోలేదు, అవి నీకెప్పుడూ ఉన్నాయి. ఇక్కడ అందరమూ క్షేమం. అందరమంటే ఇప్పుడు నేనూ, పనికి వచ్చే సోమమ్మా. సోమమ్మ పొద్దు వాలకముందే అడిక్‌మెట్ వెళ్లిపోతుంది గనక, ఆ తర్వాత అందరమంటే నేనే. నాగపూర్‌లో నువ్వూ అల్లుడూ బాగున్నారని తలుస్తాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. దగ్గు తగ్గింది. రాత్రిపూట తింటున్నాను, ఏం తింటున్నావని మాత్రం అడక్కు. పెరట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. బాగు చేయించాలంటే ఒక మనిషితో మాట్లాడాలి, ఆ మనిషి కూడా ‘అయ్యో అమ్మా’ అంటాడని పిలవలేదు. మీ నాయన బట్టలు, ఆయన పాఠాలు చెప్పిన ముషీరాబాద్ బడిలో అటెండరు చంద్రయ్యకు ఇచ్చేశాను. మంచి పనే చేశాను. కానీ మొన్న చంద్రయ్య ఆ గోధుమరంగు కోటు తొడుక్కుని, మన వీధి మలుపు తిరిగి, గేటు తీసుకుని వచ్చాడు. నేను లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను. పాపం, అతను కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఏదో చెప్పుకోవడానికి వచ్చి ఉంటాడు.

ఇక అసలు విషయం మొదటి నుంచీ మళ్లీ రాస్తున్నాను, ఈసారి బుద్ధి పెట్టి చదువు. నవంబరులో వియన్నాలో ఆడకూలీల వేతనాల మీద సదస్సు. యూనివర్సిటీ సెలవిచ్చింది, ఖర్చంతా పిలిచినవాళ్లది. సదస్సు ముగిశాక మాలో ఒక్కొక్కరు తమకు నచ్చిన ఒక ఊరికి వెళ్లి నాలుగు రోజులు ఉండి రావచ్చు. తోడు ఎవరూ రారు. వీసా పని ఉంది గనక ఊరి పేరు ఈ నెలాఖరులోగా తెలియజేయాలి. ఈ పిలుపు వచ్చింది జూన్‌లో. అప్పటికి మీ నాయన లేచి తిరుగుతూనే ఉన్నాడు.

ఆ కాగితం పూర్తిగా చదవకముందే నేను ప్రాగ్ అన్నాను. కష్టపడేవాళ్ల రాజ్యమంటున్నారే, అది ఎట్లా ఉంటుందో రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి చూస్తానన్నాను.

“వరుసల నిలబడుడు చూడనీకి గంత దూరమెందుకు? మా ముషీరాబాద్ రేషన్ దుకానం చాలదా?” అన్నాడు మీ నాయన. “వెనిస్‌కు పో. ఊరంత నీళ్లే అంట. బస్సు కోసం ఎదురుచూసే బాధ లేదు.”

అది షావుకార్లు కట్టుకున్న ఊరు, మునిగిపోతోంది, మునగనీ అన్నాను.

“మునిగేదాన్నే ముందుగాల చూడాలె. నీ ప్రాగ్ యాడికి పోతది?”

ఆయనకు వెనిస్ మీద ప్రేమా లేదు, పాడూ లేదు. నేను వెనిస్ అని ఉంటే ఆయన ప్రాగ్ అనేవాడు. ఇరవై నాలుగేళ్ల కాపురం ఇట్లాగే చేశాం. నా వ్యాసం ఏది పత్రికకు వెళ్లాలన్నా ముందు ఆయనకు చదివి వినిపించాలి. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ వినేవాడు. “ఇది ఒక దొర చదివిండనుకో, ఏమంటడో చెప్పనా?” అని మొదలుపెట్టి, ఆ దొర తరఫున దొరకన్నా బాగా వాదించి, నాకు ఏడుపొచ్చేదాకా వదిలేవాడు కాదు. నేను కోపంతో మొత్తం తిరగరాసేదాన్ని. ఆ తిరగరాసిందే జనం చదివారు. నా రాతకు పదునుందని మెచ్చుకున్నవాళ్లెవరికీ ఆ చిక్కుడుకాయల సంగతి తెలియదు.

నీ పేరు కూడా కొట్లాటలో పుట్టిందే. దేవుళ్లు లేరని ఊరంతా చెప్పుకు తిరిగేవాళ్లం, బిడ్డకు దేవత పేరేమిటని నేను. “రాజుతోని కొట్లాడిన ఆడిదాని పేరు. నీకు నచ్చకుంటే ఇంకెవలకు నచ్చాలె?” అని ఆయన. ఆ రోజు ఓడింది నేనే. ఆ పేరు పెట్టుకుని, ‘నీ సంతోషమే నాకు కావాలి’ అని రాస్తావా నువ్వు?

నీ ఒక్కదానిదే తప్పంటే అన్యాయమవుతుంది. క్యాంపస్‌లోనూ ఇదే వరస. చరిత్ర చెప్పే నారాయణ తెలుసు గదా, మన సీమ మనిషి. నేను రాసింది చదివితే బస్సు కండక్టర్లు కూడా సమ్మె చేస్తారని నన్ను పదిమందిలో దెప్పేవాడు. పోయిన వారం ఆర్ట్స్ కాలేజీలో టీ తాగుతుంటే కావాలనే కయ్యానికి దిగాను. సీమ నుంచి వచ్చిన మనమంతా ఇక్కడి పిల్లలకు రావాల్సిన ఉద్యోగాల్లో కూర్చున్నాం, మనకు సిగ్గుండాలి అన్నాను. రెండు నెలల కిందట ఈ మాట అని ఉంటే గ్లాసులు ఎగిరేవి. నారాయణ టీ కింద పెట్టాడు. “మీరన్నది నిజమేనమ్మా” అన్నాడు. పదేళ్లుగా ‘ఏమి కమలమ్మా’ అని పిలిచిన మనిషి, ‘అమ్మా’ అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా తలలూపారు.

మొగుడు పోయిన ఆడదాని మాటకు ఎదురు చెప్పకపోవడం వీళ్ల లెక్కన సంస్కారం. పూర్వం తల గొరిగి మూల కూర్చోబెట్టేవాళ్లు. ఈ చదువుకున్నవాళ్లు ప్రతి మాటకూ తలూపి కూర్చోబెడుతున్నారు. నోరు నొక్కేయడానికి ఇంత మెత్తని చెయ్యి ఎక్కడా చూడలేదు నేను. దీని మీద ఒక వ్యాసం రాద్దామని కూర్చున్నాను. రెండు పేరాలు రాశాక, ఎవరికి చదివి వినిపించను? కాగితాలు పక్కన పెట్టేశాను. జులై నుంచి నేను ఒక్క వ్యాసమూ రాయలేదు, ఈ సంగతి నీకు తెలియదు.

ఆఖరికి సోమమ్మనే అడిగాను, ఏ ఊరికి వెళ్లమంటావని.

“గాడ మనోళ్లు ఎవలన్న ఉన్నరా?” అన్నది.

లేరన్నాను.

“ఇంకేంది? పోకు తియ్యి. ఒక్కదానికి ఊరేంది?”

నా ప్రాణం లేచి వచ్చింది. పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఒంటరి ఆడది ఊరు చూడకూడదని ఎవరన్నారు, పొద్దున్నే నువ్వు అడిక్‌మెట్ నుంచి ఒక్కదానివే రావడం లేదా అని అందుకున్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ, సోమమ్మ తోముతున్న గిన్నె వదిలేసి, “పో అమ్మా, పో. నీ మనసుకు ఎట్ల తోస్తే అట్ల” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె కూడా.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతి. ఆఖరి రోజు నాయన ఏమన్నా మాట్లాడాడా అని నువ్వు ఎన్నిసార్లో అడిగావు. లేదని చెప్పాను. మాట్లాడాడు.

నువ్వింకా రైల్లోనే ఉన్నావు. ఆసుపత్రిలో నేను మంచం పక్కన కూర్చుని, ఆయనకు కాస్త వేడి పుట్టిద్దామని కావాలనే కదిపాను. “మాస్టారూ, వెనిస్ ఒక ఊరేనా? దోచుకొచ్చిన సొత్తు దాచుకునే కొట్టు. నేను ప్రాగ్‌కే వెళ్తున్నా” అన్నాను. ఆయన కళ్లు తెరిచాడు. నేను జవాబు కోసం వంగాను.

“సరే తియ్యి, కమలా. నువ్వన్నట్లే కానీ” అన్నాడు.

నేను వరండాలోకి పరిగెత్తి డాక్టర్ని పిలుచుకొచ్చాను. డాక్టరు నాడి చూసి, బాగానే ఉంది, మీరెందుకు కంగారు పడుతున్నారు అన్నాడు. అతనికి ఎట్లా చెప్పను? మీ నాయన నా మాట ఒప్పుకున్నాడని చెప్పి డాక్టర్ని పిలిచిన పెళ్లాం ఎక్కడన్నా ఉంటుందా? నువ్వు స్టేషన్లో దిగేసరికి అయిపోయింది.

ఈ గెలుపు నాకొద్దు. ప్రాగ్ వెళ్తే ఆ రోజు ఆయనన్న మాటకు నేనూ తల వంచినట్టే. వెనిస్ వెళ్తే ఆయన మీద జాలి పడ్డట్టు, జాలి చూపిస్తే ఆయన ఊరుకునే మనిషి కాదు. రెండు ఊళ్ల పేర్లూ రాసి కొట్టేస్తున్నాను. ఎక్కడికీ వెళ్లనని రాసి పడేద్దామనీ అనిపిస్తోంది. అట్లాంటి సమయంలో నీ ఉత్తరం వచ్చింది. నీ ఇష్టం అన్నావు. చదవగానే ఇంట్లో ఇంకెవరో వెళ్లిపోతున్నారనిపించింది.

బతిమాలడం నాకు చేతకాదు. అందుకని నా డిమాండ్లు రాస్తున్నాను.

1. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయాలి.

2. ప్రాగ్ ఎందుకు వద్దో రాయాలి. కారణాలు నీవే అయి ఉండాలి, అల్లుణ్ణి అడిగి రాయకూడదు.

3. నాయన అన్నాడు గదా అని వెనిస్ అనకూడదు. వెనిస్ అంటే వెనిస్ కోసమే అనాలి.

4. ఆరోగ్యం, సంతోషం, మనశ్శాంతి అనే మాటలు వాడకూడదు.

5. నేను కటువుగా జవాబిస్తాను. ఏడవకూడదు. ఏడ్చినా ఆ సంగతి నాకు రాయకూడదు.

6. నేను గెలిచినట్టు కనిపిస్తే ఒప్పుకోకూడదు. ఇంకో ఊరి పేరు చెప్పాలి.

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న
మీ అమ్మ