మీ పేపర్లో మా తాతయ్య

కాదు మేడమ్, మా తాతయ్యది బాంబుల చదువు కాదు. మీరు ఫోన్ చేసినప్పుడు ఎత్తి ఆయనకిచ్చే మనవణ్ణి నేనే. మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు, అందుకే మెసేజ్ పెడుతున్నా.

తాతయ్య పోయారని ఇవాళ మీ పేపర్లో పెద్ద ఫొటో వేశారు. కానీ కింద ‘ఉగ్రవాద నిపుణుడు’ అని రాశారు. ఆయన జీవితమంతా చదివింది ఈ కాలం ముస్లింలు ఎలా బతుకుతున్నారని. నమాజుకి షాపు మూస్తే గిరాకీ పోదా, ఫోన్లో మత ప్రసంగాలు వినే కూతురు నాన్నతో ఏమని వాదిస్తుంది, ఇలాంటివి వాళ్ళిళ్ళల్లో కూర్చునే అడిగేవారు. పుస్తకం అచ్చుకిచ్చే ముందు వాళ్ళకే చదివి వినిపించి, వద్దన్న మాట కొట్టేసేవారు. మీరేమో ఎక్కడైనా బాంబు పేలితేనే ఫోన్ చేసేవారు. "పెళ్ళిళ్ళప్పుడు వీళ్ళకి నేను గుర్తురానురా" అని తాతయ్య నవ్వేవారు.

పొద్దున మసీదు పక్క దర్జీ మామ వచ్చాడు. తాతయ్య ఏళ్ళ తరబడి ఆయన మిషను పక్కనే కూర్చుని కబుర్లు వినేవారు. మామ మీ పేపరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "ఏరా, మీ తాత మా ఇంట్లో అన్నం తిన్నది మా గుట్టు పోలీసులకి చెప్పడానికా?" అన్నాడు. నేను కాదని తల ఊపానంతే. లోపలికి రమ్మన్నా రాలేదు. తాతయ్య మొహం చూడకుండానే వెళ్ళిపోయాడు.

మీ ఆఫీసుకి నాన్న ఫోన్ చేస్తే, రేపటి పేపర్లో దిద్దుతామన్నారట. తాతయ్యని ఇంకాసేపట్లో తీసుకెళ్ళిపోతారు మేడమ్. రేపు అది చదివి మామ పరిగెత్తుకొస్తే, నేనెవర్ని చూపించాలి?