స్పెల్లింగు సరిగ్గానే ఉంది

ఒకప్పటి ప్రియమైన బావకు,

"నువ్వు హామీ సంతకం పెట్టు చాలు, ఒక్క వాయిదా కూడా నీ గుమ్మం తొక్కదు" అన్నావు. ఇరవై రెండేళ్లయింది. ఆ మాట అన్నప్పుడు నువ్వు నా కుర్చీలో కూర్చుని నా టీ తాగుతున్నావు. నీ ఐస్ ఫ్యాక్టరీ పదకొండు నెలలు నడిచింది. పన్నెండో నెల నుంచి బ్యాంకువాళ్లు తొక్కింది నా గుమ్మమే. ఐస్ పెట్టి వ్యాపారం చేసేవాడి మాట కరిగిపోతుందని నాకు తట్టకపోవడం నేను చదివిన పుస్తకాలన్నిటికీ అవమానం.

ఇన్నేళ్ల తర్వాత ఉత్తరం ఎందుకంటే, అవసరం. ప్రేమ అనుకుని మురిసిపోకు. నా కూతురు ఇల్లు కొంటోంది. ఆస్పత్రిలో డయాలిసిస్ మెషీన్ల దగ్గర పద్నాలుగేళ్లు నిలబడి పనిచేసి కూడబెట్టిన డబ్బు కొంత, మిగతాది అప్పు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రెండు గదులు, వంటింట్లోకి పొద్దుటి ఎండ వస్తుంది. ఇప్పుడు మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరు గోడకి మేకు కొట్టనివ్వడు. నా పుస్తకాలు పదిహేడేళ్లుగా అట్టపెట్టెల్లోనే కాపురం చేస్తున్నాయి. దాని జీతం ఒక్కటే చాలదు, నా పెన్షన్ కూడా కలిపితే అప్పు పుడుతుందన్నారు. ఇద్దరం వెళ్లాం.

అక్కడ లోన్లు చూసే అమ్మాయి కంప్యూటర్లో నా పేరు కొట్టి కాసేపు చూసింది.

"సార్, మీ పేరు మీద పాత మచ్చ ఒకటుంది."

"అది నాది కాదమ్మా, మా బావది. నాకు అంటించి పోయాడు."

"ఎవరు అంటించినా మీ పేరు మీదే ఉంది సార్. అప్పుడేం జరిగిందో ఒక ఉత్తరం రాసివ్వండి. పైవాళ్లు చూసి చెప్తారు."

నా కూతురు ఫైలు మూసి దానికి రబ్బరుబ్యాండు రెండు చుట్లు తిప్పింది. ఇల్లు అమ్మేవాడు నెలాఖరు దాకానే ఆగుతానన్నాడు. నా మూలంగా ఆ ఇల్లు చేజారినా అది నన్ను ఒక్క మాట అనదు. నా భయమంతా అదే.

బ్యాంకుకి ఇవ్వాల్సిన ఉత్తరం పదకొండు పేజీలు వచ్చింది. అంతా నీ గురించే. ప్రెస్సులో ప్రూఫులు చూసి తల పండినవాణ్ని, ఎదుటివాళ్ల తప్పులు దిద్దే జీతంతో బతికినవాణ్ని, నీ తప్పులు వరసగా పేర్చడం నాకేం కష్టం కాలేదు. దాన్ని దీంతోపాటే పంపుతున్నాను, చివరి పేజీలో నీకు చోటు వదిలాను. "పైన రాసిందంతా నిజం, తప్పు నాదే" అని రాసి, సంతకం పెట్టి పంపు. ఒకప్పుడు నీకోసం నేనొకటి పెట్టాను.

పేజీల్లో రాయనిది ఒకటుంది, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు బావా. ఫ్యాక్టరీ మూతపడ్డ వారానికి నువ్వు మా సందు మొదటి దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లిపోయావు. నేను కిటికీలోంచి చూశాను.

ఇట్లు,
నీ బావమరిది


అక్కకు,

ప్రేమతో రాస్తున్నాను. తడబడితే సర్దుకో, అలవాటు తప్పింది. ఈ ఉత్తరం బావ జేబులోనే పంపుతున్నాను. దారిలో విప్పి చదువుతాడు, చదవనీ. బ్యాంకులో జరిగింది ఆయన చెప్తే ఆయనే గెలిచినట్టుంటుంది కాబట్టి నేను రాయక తప్పదు.

సంతకం పెట్టి పంపమంటే మనిషే వచ్చాడు. సోమవారం పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఉన్నాడు. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. "పదకొండు పేజీలూ చదివాన్రా. ఏడో పేజీలో ఒకే తిట్టు రెండుసార్లు పడింది, దిద్దుకో" అన్నాడు. నా కూతురు పకపకా నవ్వింది. పదిరోజులుగా మా ఇంట్లో వినపడని చప్పుడది.

ముగ్గురం బ్యాంకుకి వెళ్లాం. ఆ అమ్మాయి మొదటి పేజీ చదివి మిగతా పదీ పక్కన పెట్టేసింది.

"సార్, వాయిదాలు ఆగినందుకు కాదు ఈ మచ్చ. ఆలస్యమైనా మొత్తం కట్టేసి ఉంటే ఇప్పుడు ఎవరూ అడగరు. మీరు సెటిల్ చేసుకున్నారు. అదీ ఇబ్బంది."

"సెటిల్ చేసుకుంటే మంచిదే కదమ్మా?"

మన ఇళ్లలో అదొక దీవెన కదక్కా. ఫలానావాళ్ల పిల్ల సెటిలైంది, పిల్లాడు సెటిలయ్యాడు అని చెప్పుకుని కుళ్లుకుంటాం.

"బ్యాంకులో అలా కాదు సార్. మొత్తం కట్టినవాళ్లకి 'క్లోజ్డ్' అని రాస్తారు. కొంత మాఫీ చేయించుకుని బయటపడ్డవాళ్లకి 'సెటిల్డ్' అని రాస్తారు."

స్క్రీను మా వైపు తిప్పింది. నా సంతకం ఉన్న పాత కాగితం. ఆ రోజు మేనేజరుతో గంటసేపు బేరమాడి మూడోవంతు తగ్గించుకున్నాను. బ్యాంకు మెడలు వంచానని నెలరోజులు అందరికీ చెప్పుకున్నాను. కాగితం చేతికిస్తే రెండు అక్షరదోషాలు పట్టుకుని, మళ్లీ టైపు చేయించి మరీ సంతకం పెట్టాను. 'సెటిల్డ్' దగ్గర కూడా నా పెన్ను ఆగింది. స్పెల్లింగు సరిగ్గానే ఉంది. వదిలేశాను.

బావ గొంతు తగ్గించి, "ఏడాది గడువివ్వు, మొత్తం నేనే కడతానని అంతకుముందే కబురు పెట్టాను కదరా" అన్నాడు. పెట్టాడు. నీ చేతే పెట్టాడు. వద్దన్నది నేను.

అప్పుడు అడిగింది నా కూతురే. "ఆ మూడోవంతు ఇప్పుడు కడితే?"

"కడితే ఆ మాట తీసేసి 'క్లోజ్డ్' అని లెటరిస్తాం మేడమ్."

బావ చెక్కుబుక్కు తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అప్పు నాదిరా."

"బేరం నాది."

"అప్పుడు కట్టనివ్వలేదు, ఇప్పుడు కూడా అడ్డమేనా?"

"నువ్వు కడితే నీకు మంచిపేరు వస్తుంది. ఈ వయసులో అది చూసి తట్టుకోలేను."

"ఎవరో ఒకరు కట్టండి సార్, వెనకాల క్యూ ఉంది" అంది ఆ అమ్మాయి. చెరిసగం కట్టాం. రసీదులో ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర మళ్లీ పేచీ పడితే, నా కూతురు రసీదు లాక్కుని ఫైల్లో పెట్టేసింది.

పదకొండు పేజీల బదులు రెండు వాక్యాలు రాసిచ్చాను: "మాఫీ అడిగి తీసుకున్నది నేనే. మిగిలినది ఇప్పుడు కట్టేశాం." నా జన్మలో అంత పొట్టిగా ఏదీ రాయలేదు. నిన్న అప్పు మంజూరైంది. నా కూతురు సాయంత్రం టేపు పట్టుకుని కొత్తింటికి వెళ్లి, గోడలు కొలిచి వచ్చి, "ఈ గోడ నీది నాన్నా" అంది. రాత్రి నిద్ర బాగా పట్టింది.

సందులోంచి ఎందుకు వెళ్లిపోయావని బావని అడిగాను. "కిటికీలో నిన్ను చూశాన్రా, కాళ్లు రాలేదు" అన్నాడు. అంతే. ఇన్నేళ్లు మోసింది అంత చిన్న మూటా అనిపించింది. ఆయన్ని వదిలేశాను. మేనేజరుని ఎప్పుడో వదిలేశాను, వాడి పని వాడు చేశాడు.

కానీ ఆ కబురు మోసుకొచ్చింది నువ్వు. ఎక్కం తప్పు చెప్తే చెవి మెలేసి మళ్లీ మొదటి నుంచి చెప్పించినదానివి. నాకు ఎదురు చెప్పగల మనిషి నాకు తెలిసి నువ్వొక్కదానివే. ఆ రోజు నేను "నీ మొగుడికి ఏడాది కాదు, ఏడు నిమిషాలు కూడా ఇవ్వను" అంటే, "నువ్వు చదువుకున్నవాడివి, నీకు తెలియదా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయావు. చదువుకున్నవాణ్ని అంత గుడ్డిగా ఎవరైనా నమ్ముతారా? వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. నాలుగు రోజులు ఉండేట్టు రా. నా చెవులు ఇంకా ఉన్న చోటే ఉన్నాయి. అందర్నీ మాఫీ చేసేశాను గానీ, ఇప్పటికీ నేను తప్పు పట్టేది నిన్నొక్కదాన్నే, అక్కా.

నీ తమ్ముడు