పడవకు పెట్టిన చక్రం

ఏవండీ, ఇడ్లీ పిండి సగం రుబ్బి వదిలేశాను. మిగతాది రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి. మామయ్యగారిని వెతకడానికి మెట్రో స్టేషన్ వైపు వెళ్తున్నాను.

పొద్దున వాకిట్లో పడవకు కొత్త స్టీరింగ్ చక్రం బిగించి, కుడికి పోనివ్వమని ఆయన్ని కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళూ చుక్కాని కర్రను ఎడమకు నెడితేనే పడవ కుడికి తిరిగేది. ఆ అలవాటుతో చక్రాన్నీ ఎడమకే తిప్పారు. "అరే నాన్నా, కారు ఎప్పుడూ చూడలేదా!" అని పక్కింటి చౌహాన్ అంకుల్ ముందు నవ్వారు మీరు. నేవీలో ఎందరికో పడవ నడపడం నేర్పిన మనిషాయన.

ఆయన భుజం నొప్పి చూడలేకే మీరు కర్ర తీసి చక్రం పెట్టారని నాకు తెలుసు. ఆయనకు చెప్పారా?

మామయ్యగారు ఫోను చక్రం దగ్గరే వదిలేశారు. టిఫిన్‌కు పిలిస్తే చెప్పులు వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయారు.