భాగవతార్ గారి ఫైల్లో గుసగుస

పూతలపట్టు

చిరంజీవి పల్లవికి,

హరికథా భాగవతార్ చెంగయ్య ఆశీస్సులు. గొంతుకు ఆపరేషన్ అయింది. ఫోన్లో అరవొద్దని డాక్టరు చెప్పాడు, అందుకే ఈ ఉత్తరం. నిరుడు మా ధర్మరాజుల గుడి తిరునాళ్లలో నేను చెప్పిన విరాటపర్వాన్ని మీ తిరుపతి స్టూడియో వాళ్లు రికార్డు చేశారు కదా. ఈ ఏడు నా బదులు ఆ ఫైలునే మైకులో వేస్తారు. నీవు పంపినది విన్నాను. నా గొంతు గంటలా ఉంది. కానీ వెనకాల ఎవరో గుసగుసలాడుతున్నారు. దాన్ని తీసెయ్. నలభై ఏళ్లలో ఒక్క పద్యం మరిచిపోలేదని పేరున్నవాణ్ణి. ఆ పేరుకు మచ్చ రాకూడదు.

ఇట్లు,
చెంగయ్య

తా.క.: ఫైలుకు ‘చెంగయ్య 3’ అని పేరు పెట్టావు. నాకు అరవై ఎనిమిదేళ్లు. ‘గారు’ చేర్చు.

*

తిరుపతి

పూజ్యులు భాగవతార్ గారికి నమస్కారాలు.

‘గారు’ చేర్చాను. గుసగుస యాభై రెండు చోట్ల ఉంది, అన్నీ కత్తిరించాను. కత్తిరించిన చోట ఖాళీలు మిగిలితే, అవీ తీసేసి ముందూ వెనకా దగ్గరికి లాగాను. రెండు గంటల కథ గంటా యాభై నిమిషాలకు వచ్చింది. ఇప్పుడు మీరు ఎక్కడా ఆగకుండా రైలులా పోతున్నారు.

విధేయురాలు,
పల్లవి

తా.క.: భీముడు చెయ్యెత్తేలోపే కీచకుడు చచ్చిపోతున్నాడు. పరవాలేదా?

*

పూతలపట్టు

అమ్మా పల్లవీ,

కొంప ముంచావు! అవి ఖాళీలా? నేను ఆగి, చిడతలు పట్టుకుని, జనాన్ని ఒక్క చూపు చూస్తాను. ‘భాగవతారు ఇప్పుడేం చెప్తాడో సూడండ్రా’ అని వాళ్లు మెడలు సాచాలి. అది నా విద్య. విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరులో ఒకసారి నేను అట్లా ఆగితే, కట్లు కట్టించుకున్న చేతులతోనే చప్పట్లు కొట్టారు. ఆ పది నిమిషాలూ మళ్లీ పెట్టు. గుసగుస మాత్రం వద్దు.

ఇట్లు,
చెంగయ్య

తా.క.: యాభై రెండే అన్నావు. మా ఇంటావిడ డెబ్భై పైనే ఉంటాయంటోంది. సరిగ్గా వెతుకు.

*

తిరుపతి

భాగవతార్ గారికి నమస్కారాలు.

ఖాళీలు మళ్లీ పెట్టాను. కానీ అక్కడ ఏ శబ్దమూ లేక, వినేవాళ్లకు కరెంటు పోయిందేమో అనిపిస్తుంది. గుడిలోని సద్దు కొంచెం తెచ్చి నింపుదామని, హార్మోనియం దగ్గర పెట్టిన రెండో మైకు ఫైలు విడిగా తెరిచాను. అందులో ఉన్నది గుసగుస కాదు, స్పష్టంగా ఒక ఆడమనిషి గొంతు. ‘సుభద్ర కాదయ్యా, సుదేష్ణ.’ ‘ఆ పద్యం అప్పుడే అయిపాయ, ముందుకు పో.’ ‘ఉత్తరుడు అప్పుడే యాడొచ్చినాడు?’ ఆమె అందించగానే మీరు అందుకుంటున్నారు. మీకు దగ్గు వచ్చినప్పుడు ఒక చరణం తానే పాడేసింది. నేను పని ఆపేసి విన్నాను. ఆ గొంతు చెరపడానికి నాకు మనసు రావడం లేదు. అయినా కథ మీది. చెరపమంటే చెరుపుతాను.

విధేయురాలు,
పల్లవి

తా.క.: డెబ్భై ఒకటి. మీ ఇంటావిడ చెప్పిందే నిజం.

*

పూతలపట్టు

పల్లవమ్మకు,

నేను చంద్రకాంతమ్మను, భాగవతార్ గారి భార్యను. హార్మోనియం నాదే, ఆ గొంతూ నాదే. ఇంతవరకు నీకు వచ్చిన ఉత్తరాలూ నా చేతిరాతే. ఆయన చెప్తారు, నేను రాస్తాను. గుసగుస తీసెయ్ అన్నప్పుడు కూడా ఒక్క మాట మార్చకుండా రాశాను.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆయన చిడతలు చేతిలోకి తీసుకుని నావైపు చూశారు. ఈసారి నేనేమీ అందించలేదు.

‘ఇది ఉంచితే ఊరికి తెలిసిపోతాది కదే’ అన్నారు.

‘ముందు వరసలో కూసున్నోళ్లకి నలభై ఏండ్లుగా ఇనపడతానే ఉండాది’ అన్నాను.

ఆయనకు నవ్వొచ్చి గొంతు పట్టుకున్నారు. తర్వాత రాయమన్నారు. రెండు మైకులూ ఉంచాలి. కథ మొదట్లో, చెప్పినవాళ్ల పేర్లు నీవు చదవాలి. ఇన్నేళ్లూ ఆయనకు చప్పట్లు పడితే వెనక కూర్చుని గర్వపడ్డాను. ఈరోజు నన్ను చూసి నాకే గర్వంగా ఉంది.

ఆ పేర్లు కింద పెట్టబోతూ, ‘చెంగయ్య’ అని రాసి ఆగిపోయాను. భారతంలో ప్రతి పేరూ ఆయనకు అందించినదాన్ని, నా పేరు రాయడానికి చెయ్యి ఆడలేదు. ఆయన నా పక్కకు వంగి, మెల్లగా అందించారు.

‘చంద్రకాంతమ్మ. పెద్దచ్చరాలతో రాయి. ఊరంతా ఇనాల.’

ఇట్లు,
చెంగయ్య,
చంద్రకాంతమ్మ