బందరు మెట్లు

మచిలీపట్నం,
ఆదివారం.

అవ్వా,

ఫోన్ చేస్తే కన్నతల్లివని చూడకుండా నీ మీద అరుస్తానని భయం. అందుకే కాగితం మీద రాసి ఫోటో పంపుతున్న.

బాపు పోయినంక నువ్వు నన్ను అడిగింది ఒక్కటే. పెళ్లైన కొత్తలో మీరిద్దరు బందరు పోయి దిగినమని బాపు చెప్పే ఫోటోలోని మెట్లు, తెల్ల స్తంభాల మేడ, వెనక సముద్రం. "బందర్ల పాత కట్టడాల ఫోటోలు తీసుకుంట అందరు కలిసి నడుస్తరట గద, నువ్వు గూడ పోయి గా మేడను మళ్ల ఒక్కసారి తీస్కరా బిడ్డా" అన్నవు. నీ కోసమే వచ్చిన. లేకపోతే కెమెరా ముట్టేదాన్ని కాదు. పానం పోయిన బాపును గడప ముందు కూర్చోబెట్టి, "నీ దగ్గర కెమెరా ఉన్నదాయె, ఆఖరి ఫోటో నువ్వే తియ్యి" అన్నరు అందరూ. తీసిన. అప్పటి నుంచి కెమెరా కంటికి పెట్టుకుంటే బాపు మూసిన కళ్లే కనబడుతున్నయి.

పొద్దున్నే పదిమందిమి బయలుదేరినం. డచ్చివాళ్ల కోట, పెచ్చులూడిన గోడలు, గడ్డి మొలిచిన సమాధులు. మెట్లు కనబడ్డ ప్రతిచోటా ఆగి ఫోటో తీసి మీ ఫోటోతో పోల్చుకున్న. ఒక సమాధి మీద మేకపిల్ల పడుకుంటే దాన్నీ తీసిన. చివరికి మమ్మల్ని నడిపించే నర్మద మేడం మీ ఫోటోను పెద్దది చేసి చూసింది. "ఇది మేడ కాదమ్మా, స్టూడియోలో వెనక కట్టే బొమ్మ తెర. ఇదిగో, సముద్రం మీద మడత కనిపిస్తోంది" అన్నది. అందరూ నవ్విండ్రు. నేనూ నవ్వి, గోడ చాటుకు పోయి ఏడ్చిన.

ఆ మెట్ల కథ బాపు నాకు ఎన్నిసార్లు చెప్పిండు! అంతా అబద్ధమా? పక్కనే నిలబడ్డ నీకు తెలియకుండా ఉంటదా? తెలిసే నన్ను పంపినవా? బాపు చెప్పినవాటిలో ఇంక నేను ఏది నమ్మాలె? రేపు వచ్చేస్తున్న. వచ్చి కెమెరా అమ్మేస్త.

నీ భూమిక

*

బంగారు తల్లీ భూమికా,

మీ అవ్వ గూడ కాగితం మీదనే రాసి ఫోటో పంపిస్తున్నది. నా చదువు ఏడో తరగతే, తప్పులుంటే ఏమనుకోకు.

అది మన సుల్తానాబాద్ స్టూడియోల తెర. నాకెందుకు తెలువదు? మెట్లు దాని మీద గీసినయే, మేం నేల మీదనే నిలబడ్డం. మీ బాపుకు అప్పుడే బొగ్గుబాయిల నౌకరి దొరికింది, లీవు ఇయ్యలే. "జర ఓపిక పట్టు నాగవ్వా, నిజం సముద్రం చూపెడ్త" అన్నడు. చూపెట్టకుండనే పోయిండు. చిన్నప్పుడు నువ్వు "మీరు సముద్రం చూసిండ్రా" అని అడిగితే లేదని చెప్ప మనసొప్పక బందర్ అన్నడు. నేను కాదనలే. ఆయన చెప్తుంటే నాకు పోయొచ్చినట్టే ఉండేది.

నిన్ను మేడ కోసం పంపలే బిడ్డా. నువ్వు కెమెరాను బీరువల పెట్టి తాళమేసినవు. అన్నం సుత తింటలేవు. నీ కోసం పొమ్మంటే పోవు, నా కోసమంటే పోతవని ఎరుకే. ఎవ్వరడగకున్న మేకపిల్లను తీసిన అన్నవు చూడు, గా ముక్క చదివి నాకు పానం నిమ్మలమైంది. నా మీద కోపం ఎన్ని రోజులన్న ఉండనియ్యి.

కెమెరా అమ్మకు. రేపు రాకు. మీ తమ్ముడు సంపత్ నన్ను రైలు ఎక్కిస్తుండు. నువ్వొక్కదానివే సముద్రం కాడికి పోకు, నేనొచ్చేదాంక ఆగు.

మీ అవ్వ,
నాగవ్వ