గోడకు ప్రాణం

ఆదివారం రాత్రి, ఆల్థాన్

ఇన్నాళ్లూ మేమున్న అమ్రోలిలో మా గోడకు అవతలే బట్ట నేసే సాంచెల కార్ఖానా. ఆటిజం ఉన్న పిల్లకు ఆ మోత పడదు కదా అని, మా అక్షిత కోసం ఇంత దూరం వచ్చి ఈ చప్పుడు లేని ఇల్లు తీసుకున్నాం. పొద్దున సామాను దించామో లేదో, అది గోడకు చెవి ఆనించి ఏడుపు మొదలుపెట్టింది.

“అమ్మా, గోడ సచ్చిపోయింది.”

మిక్సీ తిప్పితేనే చెవులు మూసుకునే పిల్ల ఆ మోతను గోడకున్న ప్రాణమనుకుంటోందని నాకెలా తెలుస్తుంది? ఒక్కసారైనా అడిగానా?

అక్షిత అన్నం ముట్టలేదు. సాయంత్రం మా ఆయన గోడ పక్కన కూర్చుని, రోజూ తను నడిపే సాంచె కొట్టినట్టే వేళ్లతో దరువేశారు. అది ఏడుపు ఆపి వింది.

“గిది మన పాత గోడ కాదు బాపూ. గిది సిన్నపిల్ల. జర మెల్లగ కొట్టు.”

ఆయన మెల్లగా కొట్టారు. అది గోడను నిమురుతూ నిద్రపోయింది.

రేపటి నుంచి ఆయనకు రాత్రి డ్యూటీ. ఆ దరువు నాకు రాదు. ఇందాక వేలితో కొట్టి చూస్తుంటే, పక్కింటివాళ్లు అవతలి నుంచి తిరిగి కొట్టారు. విసుగుతోనే అయ్యుంటుంది.

అక్షిత మేలుకుని ఉంటే, గోడకు మాటలొచ్చాయనేది.