నలభై నంబరు సీసా

మందమర్రి

అక్కకు చెల్లెలు రాజమణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు, బావ, పిల్లలు కూడా బాగున్నారని తలుస్తాను. బావకు దగ్గు తగ్గిందా? మగ్గం గుంటలో దిగే ముందు ఛాతీకి గుడ్డ చుట్టుకోమను. మా సరళ బాగుంది. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే కింద రాసింది చదివితే నువ్వు కంగారు పడతావు.

ఎండలు ముదిరాయి. ఆరేసిన చీర మీద సాయంత్రానికల్లా బొగ్గు నుసి పేరుకుంటుంది. మన సిరిసిల్లలో మగ్గాల చప్పుడుకు అలవాటైన చెవులకు ఇక్కడ గని కూత తప్ప ఏమీ ఆనదు. పలకరించేవాళ్ళు ఉన్నారు గాని, ఎవరి మాట నమ్మాలో ఇంకా తెలియదు. సరళకు చక్కెర జబ్బు కదా, జొన్నరొట్టె, ఆకుకూరే పెడుతున్నాను. సూదిమందు సీసాకు తడిగుడ్డ చుట్టి నీళ్ళకుండ పక్కన ఉంచుతున్నాను. కరీంనగర్ ఆస్పత్రిలో నువ్వు పక్కన ఉండగా డాక్టరు నేర్పాడు కదా, అలాగే రోజూ పొద్దున నేనే సూది వేస్తున్నాను.

క్రితం నెల సీసా అయిపోతే మా ఆయన మంచిర్యాల వెళ్ళి స్టేషన్ దగ్గరి మందుల దుకాణంలో కొత్తది తెచ్చాడు. మర్నాడు బడి నుంచి పంతులమ్మ సరళను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. పిల్ల ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, అడిగిన దానికి జవాబు లేదు. ఒంట్లో చక్కెర మరీ పడిపోతే ఇలా అవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. చక్కెర నీళ్ళు తాగిస్తే కాసేపటికి తేరుకుంది.

నాకు మొదట నా బిడ్డ మీదే అనుమానం. రొట్టె మేకకు వేసి ఉంటుందనుకున్నాను. "తిన్ననే అవ్వా, ఒట్టు," అని ఏడ్చింది. మర్నాడు ఎదురుగా కూర్చుని తినిపించాను. మధ్యాహ్నానికి మళ్ళీ అదే చెమట. ఇక ఆయనకు నా మీద అనుమానం. "సూదిల మందు ఎక్కువ గుంజినవేమో, జర యాది చేసుకో," అన్నాడు. నా చేతిని నేనే నమ్మలేని స్థితి వచ్చింది అక్కా.

సరళ ఖాళీ సీసాలు పారేయనివ్వదు, వాటిలో పూసలు దాచుకుంటుంది. పాత సీసా, కొత్త సీసా వాకిట్లో పక్కపక్కన పెట్టి చూశాను. మందు బలం రాసే చోట పాతదాని మీద 40 అని ఉంది. కొత్తదాని మీద 80. సూది మీద గీత మాత్రం అదే. నేను ఎప్పటిలాగే ఆ గీత దాకా లాగుతుంటే పిల్ల ఒంట్లోకి రెండింతల మందు పోతోంది.

వెంటనే గని దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు చూసి నిజమేనన్నాడు. ఈ సీసాతోనైతే సగం గీతకే ఆపాలన్నాడు. సరళను ఇంట్లో మా ఆయనకు అప్పగించి మర్నాడు పొద్దున్నే మంచిర్యాల బస్సెక్కాను.

దుకాణం సేటు నవ్వుతూ కూర్చోమన్నాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు. దొంగ సరుకు అమ్ముతున్నాడనుకునే వెళ్ళాను.

"నలభైది అయిపోయిందమ్మా. ఎనభైది గట్టిది, ఇంకా మంచిగ పనిచేస్తదని ఇచ్చిన. రెండూ ఇన్సులినే గదా," అన్నాడు.

"గట్టిదని మా ఆయనకు చెప్పినవా?"

"ఏం ఫరక్ పడ్తదని చెప్పలే."

"నా బిడ్డ చావు దాక పోయొచ్చింది సేటూ."

అతని నవ్వు ఆగిపోయింది. "గీ సీసాలు ఇంకెవలకు ఇచ్చినవ్?" అని అడిగాను. బల్ల మీది డబ్బాలు సర్దసాగాడు. దుకాణం పేరు పోతుందని వెనకాడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

"చెప్పకుంటే గీడనే కూసుంట. వచ్చినోళ్ళందరికి చెప్త," అన్నాను.

అప్పుడు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "రైల్వేల పనిచేసి దిగిపోయిన గార్డు సాబుకు ఇచ్చిన. నిన్ననే తీస్కపోయిండు. ఇల్లు దగ్గర్నే."

మేం వెళ్ళేసరికి ఆ పెద్దాయన మంచం మీద కూర్చుని ఊగుతున్నాడు. అంగీ తడిసి ముద్దయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. భార్య గడప మీద అటు తిరిగి కూర్చుంది.

"పొద్దుగాల్నే తాగిండు. మానిన మానిన అంటడు. నేను మాట్లాడ," అంది.

"తాగలే పెద్దమ్మా. చక్కెర ఏడున్నది?" అంటూ నేనే వంటింట్లోకి వెళ్ళాను. సేటు ఆయన తల ఎత్తిపట్టుకుంటే చక్కెర నీళ్ళు గుటక గుటకగా తాగించాను. చాలాసేపటికి కళ్ళు నిలబెట్టి, "మీరెవలు బిడ్డా?" అన్నాడు. ఆమె దగ్గరకొచ్చి కొంగుతో ఆయన చెమట తుడుస్తూ, "తాగినవనుకున్న," అని మాత్రం అంది. సేటు వాకిట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

తర్వాత ఎనభై నంబరు సీసాలన్నీ పక్కన పెట్టి, వరంగల్ నుంచి నలభైవి తెప్పించాడు. ఇప్పుడు సీసా నా చేతికిచ్చి, "నువ్వే చదువుకో చెల్లె," అంటాడు. మంచివాడే కావచ్చు. అయినా నాకు నమ్మకం చిక్కలేదు. వెలుతురులోకి తెచ్చి మళ్ళీ చదువుకున్నాకే ఇంటికొస్తాను.

ఒక చిన్న పని అక్కా. బావ కరీంనగర్ వెళ్ళినప్పుడు రెండు సీసాలు కొనిపించి, తెలిసినవాళ్ళతో పంపు. అంకె నువ్వు కూడా చూడు. కోపం తెచ్చుకోకు, నీ చేతి నుంచి వచ్చినా చూడకుండా వాడలేను. బావ నేసిన పాత పంచె ముక్క ఏదైనా ఉంటే అది కూడా పంపు, తడి బాగా పట్టుకుంటుంది.

సరళ ఇప్పుడు అడగ్గానే చేయి చాపదు. సీసా తీసుకుని అంకె పైకి చదువుతుంది. మందు లాగిన గీత దగ్గర కన్ను పెట్టి చూస్తుంది. అప్పుడే చాపుతుంది. నిన్న, "నన్ను గూడ నమ్మవా బిడ్డా?" అన్నాను.

"నమ్మ," అని తల అడ్డంగా ఊపింది.

ఆ ఒక్క మాటకు నా కడుపు నిండింది. నువ్వూ బావా దానికి నాలుగు దీవెనలు రాసి పంపండి. మీ అత్తమ్మకు, ఇంట్లో పెద్దలందరికీ మా మొక్కులు చెప్పు.

నీ ముద్దుల చెల్లెలు,
రాజమణి